కింది వరుస మీద అంటించిన తెలుగు

ప్రతి జూన్‌లో, బడులు తెరిచే వారం, ప్రొద్దుటూరులోని మా ఇంట్లో మైదా జిగురు వాసన వస్తుంది. బజార్లో దొరికే గోందు సీసాలను అమ్మ ఇప్పటికీ నమ్మదు. పిడికెడు మైదాను గిన్నెలో నీళ్ళు పోసి కలిపి, చీమలు పట్టకుండా చిటికెడు పసుపు వేసి, సన్నని మంట మీద గరిటె తిప్పుతూ ఉడికిస్తుంది, వీధిలో పిల్లలందరూ తమ పుస్తకాలు తెచ్చి మా గడపలో పోస్తారు, మేమిద్దరం కూర్చుని అట్టలు వేసి పంపిస్తాం. ఈసారి ఎదురింటి అఫ్రీన్, ఐదో తరగతి పిల్ల, తన కొత్త పుస్తకాలు తెచ్చింది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో, రెండు పక్కలా అవే బొమ్మలు. అచ్చు సిరా వాసన, ఉడికిన మైదా వాసన ఒకేసారి ముక్కుకు తగిలేసరికి నా చేతులు ఆగిపోయాయి, ఎందుకంటే ఆ రెండు వాసనలూ కలిసిన ఇల్లు ఒకటి మాకు సౌదీలోని అల్ ఖోబర్‌లో ఉండేది.

అల్ ఖోబర్‌లో అల్ అజీజియా అనే చోట, మూడో అంతస్తులో, రెండు గదుల ఇల్లు. సముద్రం దగ్గరే గనక ఎండాకాలం సాయంత్రాల్లో గాలి తడిగుడ్డలా మొహానికి అతుక్కునేది, కిటికీ అద్దాల మీద బయటి వైపు నీళ్ళు కారేవి, ఏసీ పెట్టె కింద అమ్మ పెట్టిన బకెట్టు పొద్దునకి నిండి పొర్లేది. దుమ్ముగాలి లేచిన రోజు ఆకాశం ఇటుకరంగుకు తిరిగేది, బడికి సెలవని మేము గంతులేస్తే, తలుపు సందుల్లో పాత లుంగీలు కుక్కుతూ అమ్మ మమ్మల్ని తిట్టేది. కింద రొట్టెల అంగట్లోంచి వేడి ఖుబ్బూస్ తెచ్చే పని నాది, మెట్లెక్కుతూ ఒకటి చించి తినేయడం నా హక్కు. బారకట్ట ఆడడానికి అక్కడ చింతపిక్కలు లేవు, అందుకని ఖర్జూరం గింజలను కారిడార్ గచ్చు మీద ఒక పక్క అరిగేదాకా రుద్దేవాళ్ళం, వేళ్ళు బొబ్బలెక్కేవి. రంజాన్ నెలలో అందరి ఇళ్ళలోంచీ సమోసాల వాసన వస్తే మా ఇంట్లోంచి ఉల్లికారం వాసన వచ్చేది, పండగ నాడు పక్కింటివాళ్ళు షీర్ ఖుర్మా పంపితే అమ్మ బదులుగా ఓళిగలు పంపేది. ఆ ఓళిగలను వాళ్ళు ఎంత ఇష్టంగా తినేవారో, మా మాటను అంత చులకన చేసేవారు.

ఎందుకంటే మేము దూదేకుల వాళ్ళం. పేర్లు ముసల్మానులవి, నమాజు ఉంది, ఇంట్లో మాట మాత్రం తాతల నాటి నుంచీ తెలుగే. మా జిల్లాలో ఎవరూ దీన్ని వింతగా చూడరు. అక్కడ మాత్రం పక్కింటి హైదరాబాదు ఆంటీ, నా తమ్ముడి గడ్డం పట్టుకుని, “నామ్ మస్తాన్‌వలి, ఔర్ జబాన్ తెలుగు? ఐసా కైసా మా?” అని మా అమ్మను నలుగురిలో అడిగేది. అమ్మ నవ్వి ఊరుకునేది. నేను ఊరుకోలేదు, ఆంటీ ముందు ఉర్దూలోనే మాట్లాడేదాన్ని, అమ్మ పిలిస్తే ‘జీ అమ్మీ’ అనేదాన్ని, తర్వాత ఇంట్లో తిట్లు తినేదాన్ని. నేను చదివిన బడిలో తెలుగు లేదు, హిందీ ఉంది. అమ్మే నాకు వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో అఆలు దిద్దించింది గనక నాకు చదవడం వచ్చింది. వలీ దగ్గరికొచ్చేసరికి ఆమెకు ఓపిక తగ్గింది. వాడికి ఐదేళ్ళు, టీవీ ఇంగ్లీషు, కారిడార్ ఉర్దూ కలిపి ఒక భాష తయారు చేసుకుని అందులో అనర్గళంగా మాట్లాడేవాడు. శుక్రవారం మధ్యాహ్నం ఊళ్ళో ఉన్న మా అవ్వకు ఫోన్ చేస్తే వాడి మాట వినాలని ఆమె ప్రాణం కొట్టుకునేది. వాడు వాగింది విని, “ఆ పసిబిడ్డ ఏమంటాండాడే? నాతో గాదు, టీవీతో మాట్లాడినట్టుండాది,” అని ఫోన్ అమ్మకిమ్మనేది. అమ్మ కళ్ళు తుడుచుకోవడం చూశాను.

ఆ రోజుల్లో మేము పిల్లలం రంగులు నేర్చుకున్నది బొమ్మల పెట్టెలోంచి కాదు. సౌదీ వాళ్ళకు ఎన్ని ఉద్యోగాలిచ్చిందన్న లెక్క మీద ప్రతి కంపెనీకీ ఒక రంగు ఉండేది, ఆకుపచ్చ అయితే నాయన నవ్వుతూ వచ్చేవాడు, పసుపు అయితే అన్నం కెలికేవాడు, ఎరుపు అన్న మాట ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. దానికి తోడు పెళ్ళాంబిడ్డలను దగ్గర పెట్టుకున్నందుకు తలకింత అని సర్కారు ఫీజు పెట్టింది, అది ఏటేటా పెరుగుతుందని ముందే చెప్పింది. దాంతో మా బిల్డింగు ఖాళీ కావడం మొదలైంది. వారానికొక కుటుంబం దేశం విడిచిపోయే ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని పోయేది. పోయేవాళ్ళు విమానంలో మోసుకెళ్ళలేనిదంతా ఉండేవాళ్ళకు ఇచ్చేసేవారు. మా ఫ్రిజ్ కేరళవాళ్ళది, వలీ సైకిలు పాకిస్తాన్ పిల్లవాడిది, అమ్మ గ్రైండరు కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అక్కది. ఎవరైనా అట్టపెట్టె చేతికిచ్చారంటే అది తిరిగి అడగని సామాను, ఇచ్చినవాళ్ళు ఇంకో పది రోజుల్లో వెళ్ళిపోతారని అర్థం. ఈ సంగతి ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అందరికీ తెలుసు. మా ఇల్లంతా వెళ్ళిపోయినవాళ్ళ సామానుతోనే నిండి ఉండేది, దాన్ని చూస్తూ రోజూ మా వంతు ఎప్పుడా అని భయపడేవాళ్ళం.

మా నాయన ఏసీలు బాగుచేసేవాడు. తెల్లవాళ్ళు, దొరల్లాంటి ఉద్యోగాల వాళ్ళు ఉండే ఒక పెద్ద కాంపౌండులో ఆయనకు డ్యూటీ. ఒక రోజు భుజం మీద అట్టపెట్టె మోసుకొచ్చి దించాడు. ఇరవై రెండో నంబరు విల్లాలో ఉండే న్యూజిలాండు మేడం, బడిలో టీచరమ్మ, మీ పిల్లలకు చదివించమని ఇచ్చిందట. పాపం వాళ్ళకూ ఎగ్జిట్ వచ్చినట్టుందని నాయన జాలిపడ్డాడు. విప్పితే పద్నాలుగు బొమ్మల పుస్తకాలు. గట్టి అట్టలు, నున్నటి కాగితం, పేజీ నిండా రంగులు. ఎగరలేని పొట్టి పక్షి, చెక్కిన ముక్కుతో పొడుగాటి పడవ, ఆకులతో బుట్ట అల్లే ముసలామె, గెనుసుగడ్డలు తవ్వే పిల్లలు. గెనుసుగడ్డలు చూసి అమ్మ, ‘మన చేను మాదిరే ఉండాదే’ అని ముచ్చటపడింది.

ప్రతి బొమ్మ కింద రెండు వరుసలు. పై వరుస ఇంగ్లీషు, నాకు అర్థమైంది. కింది వరుసలో అక్షరాలు ఇంగ్లీషువే, మాటలు కావు. అది మావోరి అనీ, ఆ మేడం వాళ్ళ సొంత భాష అనీ నాయన చెప్పాడు. ఊరికే కూడబలుక్కుని పైకి చదివాను, ప్రతి మాటా మన మాటల్లాగే అచ్చుతో నోరు తెరుచుకుని ముగిసింది, వలీ పొట్ట పట్టుకుని నవ్వాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. ఇంగ్లీషు పక్కన ఇంకొక మాటను అంతే పెద్ద అక్షరాలతో, అంతే అందంగా అచ్చేయడం ఆమె జన్మలో చూడలేదు. పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసి, “ఇట్ల మన మాట గూడా ఉంటే వలీగాడు చదవడా? రేపు మనకూ ఎగ్జిట్ కొడితే వీడు మా అమ్మతో సైగలు చేస్తాడా?” అంది.

అలా మొదలైంది మా పని. చలికాలం అది, సాయంత్రాలు హాయిగా ఉండేవి, కిటికీలు తెరిచి పెట్టేవాళ్ళం. నా పాత నోటుబుక్కుల చివర మిగిలిన గీతల కాగితాలు చించి, నేను ఇంగ్లీషు వరుసకు అర్థం చెబితే అమ్మ దాన్ని ఇంట్లో మాట్లాడే మాటల్లోకి మార్చి, నీలం పెన్నుతో గుండ్రంగా రాసేది. ‘బామ్మ’ అని రాయమంటే ‘బామ్మ ఎవురికి? అవ్వ అని రాస్తా’ అనేది. బొమ్మలో వానొస్తే ఆమె వాక్యంలో మా చేనికి అదునొచ్చేది. రాసిన కాగితాన్ని వరుస వెడల్పుకు కత్తిరించి, పసుపు వేసిన మైదా జిగురు రాసి, అన్నం గరిటె వెనక భాగంతో ఒత్తేవాళ్ళం.

మొదటి కాగితం ఎక్కడ అంటించాలన్న ప్రశ్న వచ్చింది. పేజీలో బొమ్మను పాడుచేయలేం, రెండు వరుసల్లో ఏదో ఒకటి కప్పాలి. అమ్మ తటపటాయించింది, ఎవరి మాటో ఏమో, దాని మీద అంటించడం తప్పేమో అంది. నేను క్లాసులో ఫస్టు వచ్చే పిల్లను, ఇలాంటి సంగతులన్నీ నాకే తెలుసు. కింది వరుస మీద వేలు పెట్టి, “ఇంగ్లీషు వలీకి స్కూల్లో గావాలమా. ఇది ఎవురికీ అక్కర్లే,” అన్నాను. అమ్మ నా మాట నమ్మింది. పద్నాలుగు పుస్తకాల్లో ప్రతి పేజీలో కింది వరుసను తెలుగుతో మూసేశాం.

ఒప్పుకోవాలి, వలీకి తెలుగు వచ్చింది. పడుకోబోయే ముందు కాదు, అన్నం తినేటప్పుడు కాదు, వాడికెప్పుడు బుద్ధి పుడితే అప్పుడు పుస్తకం తెచ్చి అమ్మ ఒళ్ళో వేసేవాడు, అమ్మ చదివితే వాడు తిరిగి చెప్పేవాడు, నెల తిరిగేసరికి పేజీలు చూసి తానే అప్పజెప్పేవాడు. ఒక శుక్రవారం ఫోన్‌లో అవ్వకు గెనుసుగడ్డల పుస్తకం మొత్తం చెప్పాడు. అవ్వ ఏడుస్తోందని మామయ్య ఫోన్ తీసుకుని చెప్పాడు. ఆ రోజు అమ్మ నడకే వేరు. పక్కింటి ఆంటీ ఎదురుపడితే మొదటిసారి తల వంచకుండా వెళ్ళింది.

ఎండలు మొదలయ్యాక నాయన ఒక మధ్యాహ్నం మామూలు వేళకంటే ముందే వచ్చి, చెప్పులు విడవకుండానే పుస్తకాల పెట్టె ఎక్కడని అడిగాడు. మేడం ఉద్యోగం ఇప్పుడు పోయిందట. సామాను సర్దుకుంటూ, పుస్తకాలు తిరిగి ఇవ్వమందట. “ఇచ్చేయడానికి ఇచ్చింది గాదంట. చదివిచ్చి మళ్ళీ తెమ్మనిందంట. నేను ఎగ్జిట్ సామాను అనుకుంటి,” అని గోడకానుకుని కూర్చున్నాడు. కంపెనీ అప్పటికి పసుపులో ఉంది. ఎవరిని తీసేద్దామా అని మేనేజరు జాబితా చూసుకుంటున్న రోజులవి. ఏసీ బాగుచేయడానికి వచ్చినవాడు నా వస్తువు పాడు చేశాడని ఒక విల్లా నుంచి ఫిర్యాదు వస్తే చాలు, మా ఫ్రిజ్జూ సైకిలూ ఇంకొకరి ఇంటికి పోతాయి.

అమ్మ గుడ్డ తడిపి గెనుసుగడ్డల పుస్తకంలో మొదటి కాగితాన్ని నానబెట్టింది. మెల్లగా లాగితే కాగితంతో పాటు కింది వరుస తోలు ఊడినట్టు లేచొచ్చింది, అక్షరాలున్న చోట తెల్లటి మచ్చ మిగిలింది. ఇంకో పేజీ ప్రయత్నించింది, అంతే. పోయాయని చెప్పేద్దామని నాయన అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. అబద్ధం ఎందుకు, నేనే వచ్చి చూపిస్తాను, చదివించమంది, చదివించాం కదా అంది. ఆమె మనసులో నిజంగా తప్పు చేశామన్న భావం లేదు, నాకిప్పుడు అదే ఎక్కువ బాధ. నల్లటి అబాయాను ఇస్త్రీ మడత పోకుండా వేసుకుంది, ఒక డబ్బాలో ఓళిగలు పెట్టుకుంది, వలీని, నన్ను వెంటబెట్టుకుంది, నాయన పుస్తకాల పెట్టె ఎత్తుకున్నాడు. కాంపౌండు గేటు దగ్గర సౌదీలో ఉండనిచ్చే మా ఇఖామా కార్డులు తీసి పెట్టుకుని లోపలికి పంపారు.

మేడం పొడుగ్గా, చామనఛాయగా, నెరిసిన జుట్టు ముడేసుకుని ఉంది. తెల్లామె అనుకుని వెళ్ళిన నాకు మా పెద్దమ్మలా కనిపించింది. గది నిండా కట్టేసిన పెట్టెలు. పుస్తకం తెరిచి మొదటి పేజీ చూసింది, రెండో పేజీ చూసింది, అమ్మ రాసిన కాగితం మీద వేలు పెట్టి చివరిదాకా నడిపింది, అంచుల్లో పసుపు మరకను తాకింది. ఇదేం రాత అని నన్నడిగింది. మా భాష, తెలుగు, మా అవ్వ కోసం అన్నాను. ఆమె మొహం మెత్తబడింది. నేను గండం గడిచిందనుకున్నాను. అప్పుడామె నన్ను చూసి, నెమ్మదిగా, నాకు అర్థమయ్యే ఇంగ్లీషులో అడిగింది. “దీని మీదే ఎందుకు అంటించారు? ఇంగ్లీషు మీద ఎందుకు అంటించలేదు?”

ఇంగ్లీషు మాకు కావాలి గనక అన్నాను. పన్నెండేళ్ళ పిల్ల నిజాయితీగా ఇచ్చిన జవాబది. ఆమె పుస్తకం మూసింది. తర్వాత చెప్పింది, వాళ్ళ అవ్వను బడిలో ఈ మాట మాట్లాడినందుకు బెత్తంతో కొట్టేవారట, ఆ దెబ్బల భయంతో ఆ అవ్వ తన కూతురికి ఒక్క మాట నేర్పలేదట, తాను నలభై ఏళ్ళు వచ్చాక, సొంత పిల్లలతో పాటు చాప మీద కూర్చుని, ఈ పద్నాలుగు పుస్తకాల్లోంచే నేర్చుకుందట. గొంతు పెంచలేదు. కోపగించి ఉంటే బాగుండేది, నాకు కోపాలు అలవాటే.

ఏమంటోందని అమ్మ అడిగింది. నేను మేడం మొహం చూశాను, నాయన మొహం చూశాను, అమ్మ చేతిలో ఓళిగల డబ్బా చూశాను. “ఏం లేదుమా, నీ రాత బాగుందంటాంది,” అన్నాను. అమ్మ మొహం వెలిగిపోయింది. డబ్బా మేడం చేతిలో పెట్టి, తెలుగులోనే, “మీ పిల్లోళ్ళకు గావాలన్నా రాసిస్తామ్మా,” అంది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పమని నన్ను మోచేత్తో పొడిచింది. నేను థాంక్యూ అని చెప్పాను. మేడం పదమూడు పుస్తకాలు పెట్టెలో పెట్టుకుని, తోలు ఊడిన పుస్తకాన్ని మాత్రం బల్ల మీద వదిలేసింది. ఇచ్చిందో, వద్దనుకుందో నాకు ఈనాటికీ తెలియదు. అమ్మ బహుమానం అనుకుని వలీ చేతికిచ్చింది.

ఆమె ఫిర్యాదు చేయలేదు. అయినా మా వంతు వచ్చింది. ఎండాకాలం పోయేలోగా కంపెనీ ఎరుపులోకి దిగింది, ఫీజు మళ్ళీ పెరిగింది, నాయన లేబర్ క్యాంపులో ఇంకో ఏడుగురితో ఒక గదిలోకి మారాడు, మేము ముగ్గురం ఎగ్జిట్ కాగితాలతో ప్రొద్దుటూరు చేరాం. అమ్మ గ్రైండరు కింది ఇంటి తమిళావిడకు పోయింది. అవ్వ వలీని కావలించుకుని వాడితో గెనుసుగడ్డల పుస్తకం మూడుసార్లు చెప్పించుకుంది. వారం తిరగకుండా వాడిని ఇంగ్లీషు మీడియం బడిలో వేశాం, ఆ వారమే వాడిని క్లాసు బయట నిలబెట్టారు. నేరం, పక్కపిల్లవాడిని తెలుగులో రబ్బరు అడగడం. నిలబెట్టిన టీచరుది మా పక్క వీధే, పుట్టి బుద్ధెరిగి ఇంట్లో తెలుగు తప్ప ఎరగని మనిషి. తెలుగు మా మాటని అక్కడ నవ్వించుకున్నాం, అదే మాటకు ఇక్కడ నిలబెట్టించుకున్నాం. అమ్మ బడికెళ్ళి అడగలేదు. నోటుబుక్కు కాగితాలు, నీలం పెన్నులు తీసి అటక మీద పెట్టింది. వలీ ఇప్పుడు తెలుగు చక్కగా మాట్లాడతాడు, చదవలేడు. అమ్మ వాడి కోసం రాసిన కాగితాలూ వాడికిప్పుడు ఆ కింది వరుసలోని మావోరి లాంటివే, బొమ్మ చూసి ఊరుకుంటాడు.

అవ్వ పోయింది. అజీజియాలో మా బిల్డింగు పడగొట్టారని నాయన ఫోన్‌లో చెప్పాడు. ఖర్జూరం గింజలు ఎక్కడ పడేశామో గుర్తు లేదు. మొన్న అట్టలు వేస్తూ నేను అదంతా తలుచుకుంటుంటే, అఫ్రీన్ తన పుస్తకంలో తెలుగు పేజీ మీద వేలు పెట్టి, పుస్తకాన్ని నా ముందుకు తోసింది. “అక్కా, ఈ పక్కంతా కాగితం అంటించియ్యి. టీచర్ చెప్పదు, పరీక్షలో రాదు, చదివేటప్పుడు అడ్డం,” అంది. ఎంత నమ్మకంగా చెప్పిందో. నేను ఆ వేలును గుర్తుపట్టాను.

పొయ్యి దగ్గర నుంచి అమ్మ, ఆ పిల్ల ఏమంటోందని అడిగింది. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్పాక ఆగలేకపోయాను. అటక మీద నుంచి గెనుసుగడ్డల పుస్తకం దించాను, జిగురు ఎండి అమ్మ కాగితాలు సగం వాటంతటవే రాలిపోయాయి, వాటి కింద కొన్ని చోట్ల మచ్చలు, కొన్ని చోట్ల ఇంకా ఆ అక్షరాలు. ఇరవై రెండో విల్లాలో మేడం నన్ను అడిగిన ప్రశ్న, నేనిచ్చిన జవాబు, బెత్తం దెబ్బలు, నలభై ఏళ్ళ వయసులో చాప మీద చదువు, అన్నీ అమ్మకు మొదటిసారి తెలుగులో చెప్పాను.

అమ్మ గరిటె తిప్పడం ఆపేసింది. జిగురు అడుగంటిన వాసన వస్తున్నా దించలేదు. “ఆ పొద్దే చెప్పింటే కాళ్ళు పట్టుకోనుంటినే,” అంది. కాసేపటికి, “ఆమె పేరేంది పాపా?” అని అడిగింది.

నాకు తెలియదు. నాయన డ్యూటీ కాగితంలో పేర్లు రాయరు. మాకు ఆమె ఎప్పుడూ విల్లా నంబరు ఇరవై రెండే.